నక్షత్రం మినుకుమంది, వలయాలు దొరికాయి

2025 ఫిబ్రవరి 2న అంతరిక్షంలోని జేమ్స్ వెబ్ టెలిస్కోప్ తీసిన ఫొటోల్లో యురేనస్ పక్కన అంతవరకూ ఎవరికీ తెలియని ఒక చుక్క కనిపించింది. అడ్డుకొలత దాదాపు 10 కిలోమీటర్లు. అది కొత్త ఉపగ్రహమని ఆగస్టులో ప్రకటించాక ఆ గ్రహం ఉపగ్రహాల లెక్క 29కి చేరింది. ఈ లెక్క మొదలై అప్పటికి 238 ఏళ్లయింది. దాని మధ్యలో, యురేనస్ చుట్టూ వలయాలు బయటపడిన 1977లో, తమిళనాడులోని మన కావలూరు అబ్జర్వేటరీ రాత్రి ఒకటుంది. దాన్ని మనవాళ్లు కొందరు పూర్తిగా మరిచిపోయారు, కొందరు ఉన్నదానికంటే పెద్దది చేసి చెబుతారు. జరిగింది జరిగినట్టు చెప్పుకోవడమే దానికి మనమిచ్చే గౌరవం.

ఇంగ్లండ్‌లోని బాత్ పట్టణంలో సంగీతమే బతుకుతెరువుగా ఉన్న విలియం హెర్షెల్, 1781 మార్చి 13న సొంతంగా తయారుచేసుకున్న టెలిస్కోపులో యురేనస్‌ను పట్టుకున్నాడు. మొదట తోకచుక్క అనుకున్నాడు. 1787 జనవరి 11న దాని చుట్టూ రెండు ఉపగ్రహాలు చూశాడు. అవే టిటానియా, ఒబెరాన్. తర్వాత ఇంకో నాలుగు ఉన్నాయన్నాడు కానీ అవి నిలబడలేదు. 1789లో వలయం ఉందేమోనని రాసుకుని, కొన్నేళ్లకు తనే ఆ మాట వెనక్కి తీసుకున్నాడు. 1851లో లివర్‌పూల్ బీరు వ్యాపారి విలియం లాసెల్ ఏరియల్, అంబ్రియల్‌లను కనిపెట్టాడు. ఐదోదైన మిరాండా 1948లో టెక్సస్‌లో జెరార్డ్ కైపర్ కంటపడింది. అక్కడితో లెక్క ఆగింది. వలయాల మాట ఎవరూ ఎత్తలేదు.

1977 మార్చి 10న తులారాశిలోని ఒక మామూలు నక్షత్రం యురేనస్ చాటుకు వెళ్తుందని గ్రీనిచ్ అబ్జర్వేటరీలో గోర్డన్ టేలర్ నాలుగేళ్ల ముందే లెక్కగట్టారు. నక్షత్రం ఎంతసేపు మాయమవుతుందో, ఎలా మసకబారుతుందో కొలిస్తే గ్రహం సైజు, దాని వాతావరణం తెలుస్తాయి. అంతే ఆశించారు. కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన జేమ్స్ ఇలియట్ బృందం, లోపల టెలిస్కోప్ బిగించిన నాసా విమానంలో హిందూ మహాసముద్రం దక్షిణ భాగం మీదికి వెళ్లింది. లెక్క కాస్త అటూ ఇటూ అయితే నక్షత్రం ముందే చాటుకెళ్లిపోవచ్చు. అందుకే అసలు సమయానికి దాదాపు 40 నిమిషాల ముందే రికార్డు మొదలుపెట్టారు. ఈ కథలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది ఆ ముందుచూపే. ఇంకా గ్రహం దరిదాపులకు రాకుండానే నక్షత్రం వెలుగు ఒక్కసారి పడిపోయి మళ్లీ లేచింది. మబ్బేమో అనుకున్నారు. ఇంకోసారి, మరోసారి అలాగే జరిగింది. చిన్న ఉపగ్రహాలేమో అనుకున్నారు. గ్రహం దాటాక, మళ్లీ అవే తగ్గుదలలు తిరగేసిన వరుసలో కనిపించాయి. ఇటువైపు ఎంత దూరంలో పడిందో అటువైపూ దాదాపు అంతే దూరంలో పడింది. ఉపగ్రహాలకు అలాంటి జోడీ కుదరదు. అవి వలయాలు.

అదే వేళ, మన గడియారాల్లో మార్చి 11 తెల్లవారకముందే, తమిళనాడులోని జవ్వాది కొండల్లో ఉన్న కావలూరులో జె.సి. భట్టాచార్య, కుప్పుస్వామి అదే నక్షత్రాన్ని గమనిస్తున్నారు. వాళ్ల దగ్గరున్నది 1972లో పెట్టిన 102 సెంటీమీటర్ల టెలిస్కోప్. ఆ అబ్జర్వేటరీని కట్టించిన ఖగోళ శాస్త్రవేత్త వైను బప్పు హైదరాబాద్‌లో పెరిగినవాడు. వాళ్ల నాన్న నిజామియా అబ్జర్వేటరీ ఉద్యోగి, బప్పు చదివింది నిజాం కాలేజీలో. కావలూరులోనూ నక్షత్రం కొన్ని సెకన్ల పాటు మసకబారింది. యురేనస్‌కు కొత్త ఉపగ్రహం దొరికిందని వాళ్లు 'నేచర్' అనే సైన్స్ పత్రికకు రాశారు. అది పొరపాటే, కానీ ఉత్త పొరపాటు కాదు. ఒక్క తగ్గుదల చేతిలో ఉన్నవాళ్లు ఎవరైనా ముందు ఉపగ్రహమనే అనుకుంటారు. అదే ఏడాది భట్టాచార్య, బప్పు కలిసి తమ రికార్డును మళ్లీ పరిశీలించి, వలయాల వ్యవస్థ గురించి అదే పత్రికలో రాశారు. నైనితాల్‌లోనూ, ఆస్ట్రేలియాలోని పెర్త్‌లోనూ ఆ రాత్రి తగ్గుదలలు నమోదయ్యాయి. కాబట్టి వలయాలను కావలూరే కనిపెట్టిందనడం తప్పు. దానికి ఈ కథలో చోటే లేదన్నట్టు మన పాఠాల్లో వదిలేయడం అంతకంటే తప్పు.

అన్నేళ్లు ఎందుకు కనపడలేదంటే, వాటిలో చాలావాటి వెడల్పు 10 కిలోమీటర్లు కూడా ఉండదు. పైగా బొగ్గులా నలుపు. శని వలయాల్లో మంచు తళతళలాడుతుంది, వీటికి ఆ మెరుపు లేదు. ఇంత సన్నటి వలయాలు చెదిరిపోకుండా ఎలా నిలుస్తున్నాయి? వాటిని రెండువైపులా చిన్న ఉపగ్రహాలు గొర్రెల కాపరుల్లా అదిమి పట్టి ఉండాలని శాస్త్రవేత్తలు గోల్డ్‌రైక్, ట్రెమేన్ 1979లో ప్రతిపాదించారు. 1986 జనవరి 24న నాసా నౌక వాయేజర్-2 యురేనస్‌ను దాటిపోయింది. ఆ సన్నటి వలయాల్లో అన్నిటికన్నా వెడల్పైన ఎప్సిలాన్‌కు అటూ ఇటూ కార్డీలియా, ఒఫీలియా అనే చిన్న ఉపగ్రహాలు కనిపించాయి. ఆ నౌక పంపిన ఫొటోల్లో అప్పటికప్పుడు దొరికిన ఉపగ్రహాలు మొత్తం 10.

2003 నుంచి హబుల్ టెలిస్కోప్ తీసిన ఫొటోల్లో బయటివైపు ఇంకో రెండు వలయాలు దొరికి, లెక్క 13 అయింది. వలయాల పేర్లు చదివితే ఆ 1977 రాత్రి ఇప్పటికీ కనిపిస్తుంది. ఆల్ఫా నుంచి ఎప్సిలాన్ వరకు గ్రీకు అక్షరాలు విమానంలోని బృందం పెట్టినవి, 4, 5, 6 అన్న అంకెలు పెర్త్ బృందం నుంచి వచ్చినవి. కావలూరు పెట్టిన పేరు ఆ పట్టికలో లేదు. 'నేచర్' 1977 సంచికల్లో మాత్రం ఆ రెండు వ్యాసాలూ, ఉపగ్రహమన్నదీ వలయాలన్నదీ, ఇప్పటికీ ఉన్నాయి.