ప్రీయాంప్ కంటే ముందు మీ గదిని వినండి

తక్కువ ఖర్చుతో ఇంట్లోనే పాటలు రికార్డు చేసుకోవాలనుకునే వారిని అన్నిటికంటే ఎక్కువగా వేధించే సందేహం ప్రీయాంప్ గురించే, అంటే మైకు నుంచి వచ్చే బలహీన సంకేతాన్ని పెంచే సర్క్యూట్ గురించే. మైకును కంప్యూటర్‌కు కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్ పెట్టెలో ఉన్నది సరిపోతుందా, విడిగా మంచిదొకటి కొనాలా? ఉన్నదే సరిపోతుందని, కొత్తగా మొదలుపెట్టేవారు విడి ప్రీయాంప్ మీద డబ్బు పెట్టడం అనవసరమని నా గట్టి నమ్మకం. ఇది ఒకరి చెవికీ మరొకరి చెవికీ మారిపోయే అభిరుచి కాదు. చిన్న లెక్క వేసి చూస్తే తేలే విషయం.

మైకు నుంచి వచ్చే విద్యుత్ సంకేతం ఎంత చిన్నదో ముందు చూద్దాం. వేదికల మీద తరచుగా కనిపించే ష్యూర్ ఎస్‌ఎం58 మైకునే తీసుకోండి. గాయకుడు దగ్గరగా నిలబడి పాడుతున్నప్పుడు మైకును తాకే శబ్దం 94 డెసిబెళ్లు అనుకుంటే, ఆ మైకు ఇచ్చేది 1.85 మిల్లీవోల్టులు మాత్రమే. దాన్ని అంకెలుగా మార్చే కన్వర్టర్‌కు వోల్టు స్థాయిలో సంకేతం కావాలి. అంటే కొన్ని వందల రెట్లు, గొంతు మెత్తనిదైతే వెయ్యి రెట్లకు పైగా పెంచాలి. ఈ పెంపునే గెయిన్ అంటారు, వెయ్యి రెట్లంటే 60 డెసిబెళ్ల గెయిన్. ప్రీయాంప్ ఉన్నది ఇందుకే. కండెన్సర్ మైకుల్లో లోపలే ఒక చిన్న సర్క్యూట్ ఉంటుంది. దానికి ఇంటర్‌ఫేస్ నుంచి మైకు తీగలోంచే 48 వోల్టుల విద్యుత్ (ఫాంటమ్ పవర్) అందుతుంది. అందువల్ల వాటి సంకేతం సాధారణంగా పది రెట్లో అంతకంటే ఎక్కువో బలంగా వస్తుంది, ప్రీయాంప్ మీద భారం తగ్గుతుంది.

ఇక హిస్, అంటే వెనక సన్నగా ‘స్స్’మనే రొద సంగతి. సంకేతాన్ని వెయ్యి రెట్లు పెంచినప్పుడు దానితోపాటు ఉన్న రొద కూడా వెయ్యి రెట్లు పెరుగుతుంది. ఆ రొదలో కొంత భాగాన్ని ఏ ఇంజనీరూ తీసేయలేడు. ఏ లోహపు తీగలోనైనా వేడి వల్ల ఎలక్ట్రాన్లు నిరంతరం కదులుతుంటాయి, ఆ కదలికే సన్నని రొదగా వినిపిస్తుంది. బెల్ ల్యాబ్స్‌లో జాన్ జాన్సన్ దీన్ని కొలిచి చూపితే, హ్యారీ నైక్విస్ట్ దానికి సూత్రం కట్టాడు. ఇద్దరి పత్రాలూ 1928లో వెలువడ్డాయి. ఆ సూత్రం ప్రకారం 150 ఓముల మైకు, గది ఉష్ణోగ్రత దగ్గర, మనిషి చెవి వినగలిగే పౌనఃపున్యాల మేరకు 0.22 మైక్రోవోల్టుల రొదను తనంతట తానే పుట్టిస్తుంది. ప్రీయాంప్ వివరాల పట్టికలో ఈఐఎన్ అని ఒక అంకె ఉంటుంది. ప్రీయాంప్ రొద మొత్తం దాని ఇన్‌పుట్ దగ్గరే పుట్టిందనుకుని లెక్కగట్టిన కొలత అది. పైన చెప్పిన 0.22 మైక్రోవోల్టులను ఆ భాషలోకి మారిస్తే మైనస్ 131 డీబీయూ (వోల్టేజీని డెసిబెళ్లలో చెప్పే కొలత). పరిపూర్ణమైన ప్రీయాంప్ ఉన్నా ఈ మైకుతో అంతకంటే కిందికి దిగలేం.

ఇప్పుడు తక్కువ ధరలో దొరికే మంచి ఇంటర్‌ఫేస్‌లను చూడండి. వాటి ఈఐఎన్ మైనస్ 127, మైనస్ 128 దగ్గర ఉంటోంది. భౌతికశాస్త్రం గీసిన గీతకూ వాటికీ మధ్య మిగిలింది మూడు నాలుగు డెసిబెళ్లే. ఎంత ఖరీదైన ప్రీయాంప్ కొన్నా రొద తగ్గేది ఆ కాస్త మేరకే.

ఆ తేడా మన గదిలో వినిపిస్తుందా? మైనస్ 128 డీబీయూ అంటే 0.31 మైక్రోవోల్టులు. ఎస్‌ఎం58 సామర్థ్యంతో భాగించి దీన్ని శబ్దంగా మారిస్తే దాదాపు 18 లేదా 19 డెసిబెళ్లు వస్తుంది. రాత్రిపూట కిటికీలు మూసిన ప్రశాంతమైన గదిలోనే 30 డెసిబెళ్ల శబ్దం ఉంటుంది. ఫ్యాను తిరుగుతున్నా, పక్కన కంప్యూటర్ నడుస్తున్నా అది 40కి చేరడం కష్టమేమీ కాదు. మన రికార్డింగులో వినిపించే రొదలో సింహభాగం గదిదే. పాట ఏదో, ఫ్యాను హోరు ఏదో ప్రీయాంప్‌కు తెలియదు. రెండింటినీ ఒకేలా పెంచి పంపుతుంది.

దీన్ని నా మాట మీద నమ్మనక్కర లేదు. మీరు పాడేటప్పుడు ఎంత గెయిన్ పెడతారో అంతే పెట్టి, గదిలో ఎవరూ మాట్లాడకుండా ఒక నిమిషం రికార్డు చేయండి. తర్వాత గెయిన్ కదపకుండా మైకును మందపాటి దుప్పట్లలో నాలుగైదు మడతలుగా చుట్టి, బీరువాలో పెట్టి తలుపు వేసి, మళ్లీ ఒక నిమిషం రికార్డు చేయండి. రెండింటినీ ఒకే వాల్యూమ్‌లో పక్కపక్కనే వినండి. రొద బాగా పడిపోతే దోషం గదిది, ప్రీయాంప్ మార్చినా ఫలితం ఉండదు. కింది స్థాయి హోరు దుప్పట్లలోంచి కూడా దూరుతుంది కాబట్టి దాన్ని పట్టించుకోకండి, పైన సన్నగా వినిపించే హిస్ మీదే దృష్టి పెట్టండి. ఆ హిస్ ఏమాత్రం తగ్గకుండా అలాగే ఉంటే అప్పుడు మైకునో, ప్రీయాంప్‌నో అనుమానించవచ్చు.

గది రొదకు పైసా ఖర్చులేని మందు మైకుకు దగ్గరగా జరగడం. దూరం సగమైన ప్రతిసారీ గొంతు 6 డెసిబెళ్లు పెరుగుతుంది. 40 సెంటీమీటర్ల నుంచి 10 సెంటీమీటర్లకు వస్తే 12 డెసిబెళ్లు. ఆ మేరకు గెయిన్ తగ్గించుకోవచ్చు, దానితో గది రొద, ప్రీయాంప్ రొద రెండూ 12 డెసిబెళ్లు దిగుతాయి. ఏ ప్రీయాంప్ మార్పిడీ ఇంత తేడా తేలేదు. కాకపోతే ఒక దిశ నుంచే వినే మైకులకు దగ్గరైన కొద్దీ మంద్రస్వరం ఉబ్బుతుంది, ప, బ అక్షరాల దగ్గర గాలి కొట్టుకుంటుంది. గాలిని అడ్డుకునే తెర (పాప్ ఫిల్టర్) పెట్టి, మైకును నోటికి సూటిగా కాకుండా కాస్త పక్కకు తిప్పితే చాలావరకు సర్దుకుంటుంది.

ఈఐఎన్ కంటే గెయిన్ ఎంత ఉందన్నదే నేను ముందు చూస్తాను. మాటల రికార్డింగుకు చాలామంది ఇష్టపడే ష్యూర్ ఎస్‌ఎం7బీ 94 డెసిబెళ్ల దగ్గర ఇచ్చేది 1.12 మిల్లీవోల్టులే. మెత్తగా మాట్లాడే మనిషి చేతిలో అది 0.2 మిల్లీవోల్టులకు పడిపోతుంది. 45, 50 డెసిబెళ్ల దగ్గర ఆగిపోయే పాత ఇంటర్‌ఫేస్‌లు ఇక్కడే చతికిలబడతాయి. 60 డెసిబెళ్లు లేదా అంతకంటే ఎక్కువ ఉన్నది తీసుకోండి. అప్పటికే తక్కువ గెయిన్ ఉన్నది ఇంట్లో ఉంటే, క్లౌడ్‌లిఫ్టర్, ఫెట్‌హెడ్ లాంటి చిన్న బూస్టర్లు ఫాంటమ్ పవర్‌తో నడిచి సుమారు మరో 25 డెసిబెళ్లు కలుపుతాయి. ఇంటర్‌ఫేస్‌లో గెయిన్ చాలినంత ఉండి, ఈఐఎన్ కూడా బాగుంటే బూస్టర్ వల్ల హిస్ తగ్గదు.

ఖరీదైన ప్రీయాంప్‌లను తీసిపారేయడం నా ఉద్దేశం కాదు. 1970లో వచ్చిన నీవ్ 1073 లాంటివాటిని ఇప్పటికీ ఇష్టపడడానికి కారణం నిశ్శబ్దం కాదు, వాటి రంగు. ట్రాన్స్‌ఫార్మర్లు, ట్రాన్సిస్టర్లు సంకేతానికి కొద్దిపాటి హార్మోనిక్స్ (మూలస్వరానికి గుణిజాలైన పైస్వరాలు) చేర్చి గొంతుకు ఒక నిండుదనం ఇస్తాయి. ఆ నిండుదనం నిజమే, అందమైనదే. కానీ గది ప్రతిధ్వనిస్తూ ఉంటే అది ఆ ప్రతిధ్వనికీ అంటుకుంటుంది. ఎప్పుడైనా అలాంటిది కొంటే దాని అవుట్‌పుట్‌ను ఇంటర్‌ఫేస్ మైకు ఇన్‌పుట్‌లో కాకుండా, ఇప్పటికే పెంచిన సంకేతాల కోసం ఉండే లైన్ ఇన్‌పుట్‌లో పెట్టాలి. లేదంటే రెండు ప్రీయాంప్‌లు ఒకదాని తర్వాత ఒకటి పనిచేసి సంకేతం హద్దు దాటి, గొంతు పగిలినట్టు వినిపిస్తుంది.

కన్వర్టర్ నాణ్యత గురించి ఇప్పుడు దిగులు అక్కర లేదు. 24 బిట్లు కాగితం మీద 144 డెసిబెళ్ల పరిధి, చవక పరికరాల్లోనూ ఆచరణలో 110 దరిదాపు దక్కుతుంది. 30 డెసిబెళ్ల గదిలో 105 డెసిబెళ్ల గొంతు ఎత్తినా మనకు కావలసింది 75. అందుకే మీటరును సున్నా దాకా తోయకుండా, గట్టిగా పాడే చోట కూడా మైనస్ 12 దగ్గరే ఆపండి. శాంపుల్ రేటు, అంటే ధ్వనిని సెకనుకు ఎన్నిసార్లు కొలుస్తారన్నది, 48 కిలోహెర్ట్జ్ చాలు. యూఎస్‌బీ 3 కోసం అదనంగా ఇవ్వకండి: రెండు ఛానెళ్ల 24 బిట్ల ధ్వనికి సెకనుకు 2.3 మెగాబిట్లు సరిపోతాయి, యూఎస్‌బీ 2 సామర్థ్యం 480. గిటార్ నేరుగా కలపాలంటే మాత్రం ఒక మెగాఓము ఇన్‌పుట్ తప్పనిసరి. మామూలు లైన్ ఇన్‌పుట్‌లో పెడితే పైస్వరాలు మొద్దుబారతాయి.

నిజంగా జాగ్రత్త పడాల్సింది ఆలస్యం దగ్గర. కంప్యూటర్ ధ్వనిని కొద్దికొద్దిగా పోగుచేసి పంపుతుంది, ఆ ఒక్కో మోతాదే బఫర్. 128 శాంపుళ్ల బఫర్ అంటే 48 కిలోహెర్ట్జ్ దగ్గర 2.7 మిల్లీసెకన్లు. లోపలికి ఒకసారి, బయటికి ఒకసారి, మధ్యలో డ్రైవర్, కన్వర్టర్ తీసుకునే సమయం కలిపితే పది మిల్లీసెకన్ల దగ్గరికి వెళ్తుంది. పాడేవారికి తమ గొంతు ఎముకల ద్వారా వెంటనే, హెడ్‌ఫోన్‌లో కాస్త ఆలస్యంగా వినిపించి రెండూ కలిసి డొల్లగా తోస్తుంది. తెలియకుండానే శ్రుతి జారుతుంది. డైరెక్ట్ మానిటరింగ్ ఉన్న ఇంటర్‌ఫేస్ గొంతును కంప్యూటర్ దాకా పోనివ్వకుండా నేరుగా చెవికి పంపిస్తుంది కాబట్టి ఈ బాధ ఉండదు. ఆ సదుపాయం లేనిది ఎంత చవకైనా తీసుకోవద్దు.

వాడినది కొంటున్నట్లయితే డబ్బు ఇవ్వకముందే మీ కంప్యూటర్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఆ మోడల్ డ్రైవర్ ఇప్పటికీ వస్తోందో లేదో తయారీ సంస్థ సైట్‌లో చూడండి. విండోస్‌లో మంచి ఏఎస్‌ఐఓ (తక్కువ ఆలస్యంతో ధ్వనిని నడిపే) డ్రైవర్ లేకపోతే తక్కువ బఫర్ దగ్గర టపటపమనే చప్పుళ్లు వస్తాయి. క్లాస్ కంప్లయంట్ అని రాసి ఉన్నవి మ్యాక్‌లోనూ, ఐప్యాడ్‌లోనూ విడి డ్రైవర్ లేకుండానే పనిచేస్తాయి, కాబట్టి పాతబడినా మూలన పడే అవకాశం తక్కువ.