జ్యూరీకి జడ్జి ఏమి చెప్పారు?

1959 నాటి నానావతి హత్య కేసుతోనే మన దేశంలో జ్యూరీకి, అంటే మామూలు పౌరులే కేసు విని దోషో నిర్దోషో తేల్చే పద్ధతికి, నూకలు చెల్లాయని చాలామంది నమ్మకం. నిజానికి ఆ కేసు పుట్టకముందే, 1958లో, లా కమిషన్ తన 14వ నివేదికలో జ్యూరీని ఎత్తివేయమని చెప్పింది. కేసు ముగిశాక కూడా కలకత్తాలో కొన్నేళ్లు జ్యూరీ విచారణలు నడిచాయి. అయినా ఆ కేసును తోసిపుచ్చలేం. జ్యూరీ విచారణకు అసలు కీలకం ఎక్కడుందో అందులో బయటపడింది.

జ్యూరీ ఇక్కడ కొత్తదేమీ కాదు. 1665లోనే మద్రాసు సెయింట్ జార్జి కోటలో ఒక హత్య కేసును జ్యూరీ విన్నది. 1861 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ దాన్ని జిల్లాల సెషన్స్ కోర్టులకు తెచ్చింది, అదీ ప్రభుత్వం ఎంపిక చేసిన చోట్ల మాత్రమే. ఇక్కడి జ్యూరర్ల మీద తెల్లదొరలకు గురి కుదరలేదేమో, పిలక మాత్రం జడ్జి చేతిలోనే ఉంచారు. 1898 కోడ్ ప్రకారం ఏ సాక్ష్యం చెల్లుతుందో, ఏది చెల్లదో తేల్చేది జడ్జి. వాదనలు ముగిశాక సాక్ష్యాన్నీ చట్టాన్నీ జ్యూరీకి విడమరచి చెప్పేదీ ఆయనే. జ్యూరీ తీర్పు బొత్తిగా మింగుడుపడకపోతే 307వ సెక్షన్ కింద కేసును హైకోర్టుకు పంపవచ్చు.

1959 ఏప్రిల్ 27. నౌకాదళ కమాండర్ నానావతికి మధ్యాహ్నం భార్య ప్రేమ్ ఆహుజాతో తన సంబంధం గురించి చెప్పింది. ఆయన భార్యాపిల్లలను సినిమా హాలు దగ్గర దింపి, ఓడకు వెళ్లి రివాల్వరు, ఆరు తూటాలు తీసుకుని ఆహుజా ఫ్లాటుకు వెళ్లారు. అక్కడ ఆహుజా తూటాలకు బలయ్యాడు. పెనుగులాటలో రివాల్వరు దానంతటదే పేలిందన్నది ఆయన వాదన. స్నానం చేసి వచ్చిన ఆహుజా నడుముకు తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు. నేలకొరిగాక కూడా అది ఊడలేదు. పెనుగులాటే జరిగి ఉంటే తువ్వాలు నిలిచేదా?

తొమ్మిదిమంది జ్యూరర్లలో ఎనిమిదిమంది నిర్దోషి అన్నారు. సెషన్స్ జడ్జి మెహతా ఒప్పుకోలేదు, కేసును బొంబాయి హైకోర్టుకు నివేదించారు. హైకోర్టు యావజ్జీవ శిక్ష వేసింది. 1961 నవంబరు 24న సుప్రీంకోర్టు దాన్ని ఖరారు చేసింది. ఆ తీర్పు రాసింది మన రాజమండ్రి వాడే, జస్టిస్ కోకా సుబ్బారావు.

ఆ తీర్పులో ఎక్కువమంది గుర్తుంచుకున్నది, ఆవేశంలో కాల్చాడనవచ్చా అన్న భాగం. ఒంటిగంటన్నరకు ఇల్లు వదిలిన మనిషి నాలుగూ ఇరవైకి కాల్చాడు, మనసు కుదుటపడటానికి ఆ దాదాపు మూడు గంటలు చాలునన్నారు. నాకు మాత్రం అంతకంటే ఆసక్తిగా తోచేది, జ్యూరీకి మెహతా చెప్పిన మాటలను పట్టి పట్టి పరిశీలించిన భాగం. జ్యూరీ కారణాలు చెప్పదు. కాబట్టి పై కోర్టు చేతికి చిక్కేది జడ్జి మాటలే. ప్రమాదవశాత్తు జరిగిందని చెప్పుకునే ముద్దాయే దాన్ని రుజువు చేసుకోవాలి, అప్పటి సాక్ష్య చట్టం 105వ సెక్షన్ అదే అనేది. ఆ సంగతి మెహతా జ్యూరీకి చెప్పలేదు. ఆహుజాకు నానావతి భార్య రాసిన ఉత్తరాలను ప్రస్తావించవలసిన చోట ప్రస్తావించలేదు. జ్యూరీ తీర్పు తప్పన్న జడ్జే జ్యూరీకి దారి తప్పు చూపారన్నమాట!

1973 కొత్త కోడ్‌లో జ్యూరీకి చోటు లేకపోయింది, 1974 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. ఒక్క మూల మాత్రం జ్యూరీ పోలిక మిగిలింది: పార్సీల వివాహ కోర్టుల్లో జడ్జితో పాటు ఆ సమాజం వారే ఐదుగురు డెలిగేట్లుగా కూర్చునే పద్ధతి. నానావతి కూడా పార్సీయే.