సెంట్రల్ పార్క్ కాలిబాటలు: కాపాడుతున్నది ఏ కాలపు దారిని?

న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌లో కాలిబాటలన్నీ కలిపితే దాదాపు 58 మైళ్లు. వాటిని బాగుచేయాలంటే తారు పోస్తే సరిపోదు. దారి ఎంత వెడల్పు ఉండాలి, మలుపు ఎక్కడ తిరగాలి, జనం గడ్డి తొక్కి వేసుకున్న అడ్డదారులను ఉంచాలా, మూసేయాలా? ఈ ప్రశ్నలన్నీ 1858 దగ్గరికే తీసుకెళ్తాయి.

ఆ ఏడాది పార్కు నమూనా పోటీలో ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్, కాల్వర్ట్ వాక్స్ గెలిచారు. నడిచేవాళ్లకు ఒక దారి, గుర్రపు స్వారీకి ఒకటి, బగ్గీలకు మరొకటి వేశారు. ఊళ్లో ఈ పక్క నుంచి ఆ పక్కకు పోయే బళ్ల కోసం నాలుగు రోడ్లను నేల తవ్వి దిగువ నుంచి నడిపారు. దారులు కలిసే చోట చిన్న చిన్న వంతెనలు కట్టారు. దాంతో బండి భయం లేకుండా చాలా దూరం నడవొచ్చు. ఇక మలుపులు కావాలని పెట్టినవే. ‘ర్యాంబుల్’ అనే చిట్టడవిలోని బాటల్లో నాలుగడుగుల అవతల ఏముందో తెలియదు. త్వరగా చేరుకోవడానికి వేసిన దారులు కావవి. అడ్డదారితో కాలం కలిసొస్తుందేమో గానీ, నమూనాను చెడగొడుతుంది. వర్షానికి మట్టి కోసుకుపోయేదీ ముందు అక్కడే.

తర్వాత మోటారు కార్లు వచ్చాయి. బగ్గీల రోడ్లు వాటివయ్యాయి, కంకర బాటలు క్రమంగా తారు బాటలయ్యాయి. 1934లో నగర పార్కుల కమిషనర్ అయిన రాబర్ట్ మోజెస్ ఆటస్థలాలు బాగానే కట్టించాడు, కానీ పాత నమూనా మీద ఆయనకు పెద్ద గౌరవం లేదు. 1956లో ‘టావెర్న్ ఆన్ ద గ్రీన్’ రెస్టారెంట్ కార్ల పార్కింగ్ కోసం చెట్లున్న స్థలాన్ని చదును చేయించబోయాడు. పిల్లల్ని ఆడించుకునే తల్లులు బుల్డోజర్‌కు అడ్డం నిలబడ్డారు. రాత్రికి రాత్రి కంచె వేయించి చెట్లు కొట్టించాడు. గొడవ కోర్టుకెక్కింది, పత్రికలన్నీ తల్లుల పక్షాన నిలిచాయి. చివరికి ఆయన వెనక్కి తగ్గి అక్కడ ఆటస్థలం కట్టించాడు. అంతటివాడు ఓడిపోవడం ఊరు ఊరంతా చూసింది.

1974లో నగరం పార్కుకు చారిత్రక హోదా ఇచ్చింది. అప్పటికే ఖజానా ఖాళీ, పార్కు పాడుబడిపోయి ఉంది. 1980లో సెంట్రల్ పార్క్ కన్సర్వెన్సీ అనే స్వచ్ఛంద సంస్థ ఏర్పడ్డాక విరాళాలతో పునరుద్ధరణ ఊపందుకుంది. 2018లో పార్కు లోపలి రోడ్ల నుంచి కార్లను పూర్తిగా తప్పించారు. పాత నమూనాకు ఇంత న్యాయం జరగడానికి వందేళ్లు దాటింది.

అయితే 1858 దారులే తొలి దారులనుకుంటే పొరపాటు. పడమటి వైపు 82వ, 89వ వీధుల మధ్య 1825 నుంచి సెనెకా విలేజ్ అనే ఊరుండేది. అక్కడి వాళ్లలో ఎక్కువమంది నల్లజాతివారు, వాళ్లలో చాలామంది సొంత భూములు కొనుక్కున్నవాళ్లే. ఐరిష్ కుటుంబాలూ ఉండేవి. దాదాపు 225 మంది ఉన్న ఆ ఊరిని 1857లో పార్కు కోసం ఖాళీ చేయించారు. 2011 తవ్వకాల్లో ఒక ఇంటి పునాదులు దొరికాయి, 2019లో ఆ చరిత్ర చెప్పే బోర్డులు పెట్టారు. ఆ బోర్డుల మధ్య తిరిగేది మాత్రం ఓమ్‌స్టెడ్, వాక్స్ గీసిన బాటల మీదే.