యానాం నియోజకవర్గం కథ: పిల్లలకు తాతయ్య ఉత్తరం

చిరంజీవులైన మనవలకు, మనవరాళ్లకు,

మీ తాతయ్య ఆశీస్సులు.

మన ఊరు తెలుగు ఊరే అయినప్పుడు, మన ఎమ్మెల్యే ఆంధ్రప్రదేశ్ శాసనసభలో కాకుండా పుదుచ్చేరి శాసనసభలో ఎందుకు కూర్చుంటాడని మీరు అడిగారు. దానికి ఒక్క మాటలో జవాబు చెప్పవచ్చు గానీ, ఆ జవాబు వెనుక ఉన్న చరిత్ర తెలియకపోతే అది మీకు వింతగానే మిగిలిపోతుంది. అందుకే కొంచెం తీరికగా రాస్తున్నాను.

గౌతమీ గోదావరి నుంచి కోరంగి పాయ చీలే చోట యానాం ఉంది. చుట్టూ ఆంధ్రప్రదేశే అయినా, మన ఊరు పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగం. కాకినాడ ముప్పై కిలోమీటర్ల లోపే ఉండగా, మన ప్రభుత్వం కొలువున్న పుదుచ్చేరి ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. మన ఇంటి చిరునామాలో రాసే పిన్‌కోడ్ 533464 ఆంధ్ర తపాలా విభాగానిదే, కానీ మన బండి నంబరు మాత్రం పీవై 04తో మొదలవుతుంది. తాళ్లరేవు వైపు నుంచి వచ్చే రైతులు మన ఊరి బంకు దగ్గర ఆగి పెట్రోలు పోయించుకోవడం మీరు చూసే ఉంటారు. ఇక్కడి ధర తక్కువగా ఉండడానికి కారణం చమురు కంపెనీల దయ కాదు. పెట్రోలు మీద పన్ను ఎంత వెయ్యాలో మనకు పుదుచ్చేరి ప్రభుత్వం నిర్ణయిస్తుంది, పక్క ఊరికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిర్ణయిస్తుంది. పుదుచ్చేరి శాసనసభలో ముప్పై మంది ఎన్నికైన సభ్యులు, వారికి తోడు కేంద్రం నియమించే ముగ్గురు ఉంటారు. ఆ ముప్పై మందిలో మనం ఎన్నుకునేది ఒక్కరిని.

ఈ ఏర్పాటు ఫ్రెంచివారి కాలం నుంచి వచ్చింది. పద్దెనిమిదో శతాబ్దంలో ఇక్కడ స్థిరపడిన ఫ్రెంచివారికి పుదుచ్చేరి, కారైకాల్, మాహె, చందర్‌నగర్, యానాం అనే అయిదు స్థావరాలు ఉండేవి. అవి ఒకదానికొకటి వందల కిలోమీటర్ల దూరంలో, వేర్వేరు భాషల మధ్య ఉన్నా, పాలన అంతా పుదుచ్చేరి నుంచే సాగేది. 1880లో ఫ్రెంచి ప్రభుత్వం ఈ స్థావరాలలో మున్సిపాలిటీలను ఏర్పాటు చేసింది. ఆ కాలంలో బ్రిటిషు ఇండియాలోని మన పక్క ఊళ్లవారికి లేని ఎన్నికల అలవాటు యానాం వారికి అలా వచ్చిందని చెప్పవచ్చు, కాకపోతే ఆ ఎన్నికలలో అందరి ఓటుకూ ఒకే విలువ ఉండేది కాదు. నిజమైన మార్పు 1946లో వచ్చింది. ఆ ఏడాది అక్టోబరు 25న ఇచ్చిన ఉత్తర్వుతో ఫ్రెంచి ఇండియాకు 44 మంది సభ్యుల ప్రజాప్రతినిధుల సభ ఏర్పడింది. అందులో పుదుచ్చేరికి 22, కారైకాల్‌కు 12, చందర్‌నగర్‌కు 5, మాహెకు 3, యానాంకు 2 స్థానాలు ఇచ్చారు. ఈ చివరి అంకెను గుర్తుపెట్టుకోండి. మన చిన్న ఊరికి అప్పుడు ఇద్దరు ప్రతినిధులు ఉండేవారు.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత కూడా ఏడేళ్లపాటు యానాం మీద ఫ్రెంచి జెండాయే ఎగిరింది. ఫరంపేటలో పుట్టి, ఫ్రెంచి పోలీసుశాఖలో ఉద్యోగం చేసి, తర్వాత ఆ ప్రభుత్వానికే ఎదురు నిలిచిన దడాల రఫేల్ రమణయ్య గారి నాయకత్వంలో 1954 జూన్ 13న ఊరు విముక్తమైంది. అదే ఏడాది అక్టోబరు 18న పుదుచ్చేరి దగ్గరి కీళూరులో ఫ్రెంచి ఇండియా ఎన్నికైన ప్రతినిధులు 178 మంది సమావేశమై ఓటు వేయగా, 170 మంది భారతదేశంలో కలవాలన్నారు, ఎనిమిది మంది వద్దన్నారు. నవంబరు 1న పాలన మన దేశం చేతికి వచ్చింది. అయితే కాగితాల మీద వ్యవహారం అంత తొందరగా తేలలేదు. అప్పగింత ఒప్పందం మీద 1956 మే 28న సంతకాలు జరిగాయి, ఫ్రెంచి పార్లమెంటు దాన్ని ఆమోదించి పత్రాలు మార్చుకునేసరికి 1962 ఆగస్టు 16 వచ్చింది. భాషను బట్టి రాష్ట్రాలు ఏర్పడిన కాలంలోనే యానాం పక్కనున్న తూర్పుగోదావరి జిల్లాలో ఎందుకు కలవలేదని మీకు సందేహం రావచ్చు. ఫ్రెంచివారు వదిలిన నాలుగు ప్రాంతాలనూ ఒకే పాలన కింద ఉంచాలని నిర్ణయించి, కేంద్రం వాటిని కలిపి కేంద్రపాలిత ప్రాంతంగా చేసింది. చందర్‌నగర్ అప్పటికే బెంగాలులో కలిసిపోయింది.

1955, 1959 ఎన్నికల నాటి సభలో 39 మంది సభ్యులు ఉండేవారు. చందర్‌నగర్ వాటా అయిదూ తీసివేయగా మిగిలిన పాత లెక్కే అది. యానాంకు ఇద్దరు అలాగే ఉన్నారు. 1963లో కేంద్రపాలిత ప్రాంతాల చట్టం వచ్చి, ఆ జులై 1న సభ శాసనసభగా మారింది. తర్వాత స్థానాల సంఖ్యను ముప్పైకి కుదించినప్పుడు యానాం ఒక్క స్థానంతో సరిపెట్టుకోవలసి వచ్చింది. జనాభా లెక్కన అది న్యాయమే కావచ్చు. అయినా, రాజధానికి ఇంత దూరంగా, రాజధాని భాష కాక వేరే భాష మాట్లాడే ఊరికి రెండో గొంతు ఉండి ఉంటే బాగుండేదని నేను ఇప్పటికీ అనుకుంటాను. మాహెకు ఆ తర్వాత కూడా చాలాకాలం రెండు స్థానాలు ఉండేవి. 2008లో అమలైన పునర్విభజనలో దానికీ ఒకటే మిగిలింది. ఇప్పుడు పుదుచ్చేరి ప్రాంతానికి 23, కారైకాల్‌కు 5, మాహెకు 1, మనకు 1.

1964లో జరిగిన ఎన్నికలలో ఆ ఒక్క స్థానం నుంచి గెలిచినవారు కామిశెట్టి పరశురాం వరప్రసాదరావు నాయుడు గారు. తర్వాతి ఎన్నికలలో కూడా ఆయన మళ్లీ మళ్లీ గెలిచి, ఒక తరం మొత్తానికి యానాం ఎమ్మెల్యే అంటే కామిశెట్టి అనేంతగా నిలిచిపోయారు. 1985లో ఆయన పుదుచ్చేరి శాసనసభకు స్పీకరు అయ్యారు. తమిళులు అత్యధికంగా ఉన్న సభలో ఒక తెలుగువాడు అధ్యక్ష స్థానంలో కూర్చుని అందరినీ నడిపించడం చిన్న విషయం కాదు. 1989లో ఆయన ఆ పదవిలో ఉండగానే కన్నుమూశారు. యానాం నుంచి ఎదుర్లంకకు గౌతమి మీద కట్టిన వంతెనకు లోక్‌సభ స్పీకరుగా ఉండగా మరణించిన జి.ఎం.సి. బాలయోగి గారి పేరు పెట్టారు. నదికి ఇటు ఒక స్పీకరు, అటు ఒక స్పీకరు, ఇద్దరూ పదవిలో ఉండగానే వెళ్లిపోయారు. 2002లో ఆ వంతెన వచ్చేదాకా కోనసీమకు వెళ్లాలంటే మేము పంటు మీదే గోదావరి దాటేవాళ్లం.

ఇప్పుడు నేను అన్నిటికంటే ముఖ్యమనుకునే విషయానికి వస్తాను. మీ స్నేహితులు కాకినాడలో ఉన్నారు కదా. వారికి వార్డు కౌన్సిలరో కార్పొరేటరో, పల్లెలో అయితే సర్పంచి, మండలానికి ఒకరు, జిల్లా పరిషత్తుకు ఒకరు, ఆ పైన ఎమ్మెల్యే ఉంటారు. కుళాయి రాకపోతే ఎవరిని అడగాలో, రోడ్డు పాడైతే ఎవరి గుమ్మం తట్టాలో వారికి తెలుసు. మన సంగతి అలా కాదు. పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతమంతటా 1968లో మున్సిపల్ ఎన్నికలు జరిగిన తర్వాత మళ్లీ 2006 వరకు జరగలేదు. ముప్పై ఎనిమిదేళ్లు! 2006లో ఎన్నికైనవారి గడువు 2011తో ముగిసింది, ఆ తర్వాత ఎన్నికల ప్రయత్నాలు మొదలై మధ్యలో ఆగిపోయాయి. 1880లోనే మున్సిపాలిటీ చూసిన ఊరికి ఈ గతి పట్టడం నాకు చాలా బాధ కలిగిస్తుంది. దీని ఫలితంగా మన ఊరివారు ఓటు వేసి ఎన్నుకున్న మనిషి అంటూ ఇక్కడ కనిపించేది ఎమ్మెల్యే ఒక్కరే. దరియాలతిప్పలో వేటకు వెళ్లేవారి కష్టమైనా, మెట్టకూరులో మురుగు కాలువైనా, కనకాలపేటలో వితంతువు పింఛనైనా, ఆసుపత్రిలో డాక్టరు లేకపోయినా అందరూ ఆ ఒక్క ఇంటి ముందే నిలబడతారు. ఆ మనిషి వినతిపత్రం చేతపట్టుకుని రైలెక్కి, చెన్నై మీదుగా పుదుచ్చేరి చేరి, సచివాలయంలో ఆ కాగితం కదిలేదాకా పట్టుబట్టాలి.

ఆ ఒక్కరు కూడా లేని రోజులు ఉన్నాయి. 1974లో ఏర్పడిన మంత్రివర్గం దాదాపు మూడు వారాలకే కూలిపోయి రాష్ట్రపతి పాలన వచ్చింది, మళ్లీ 1977 జులై దాకా శాసనసభ లేదు. అంటే మూడేళ్లకు పైగా యానాం ప్రజలకు ఎమ్మెల్యే లేడు. 1978 చివరలో, 1983లో కూడా ఇలాగే సభ రద్దయి, ఏడాది పైన, రెండేళ్లకు దగ్గరగా రాష్ట్రపతి పాలన సాగింది. మన ఓటు విలువ ఎక్కడో పుదుచ్చేరిలో జరిగే పార్టీల కొట్లాటల మీద ఎంతగా ఆధారపడి ఉందో ఈ ఏళ్లను చూస్తే తెలుస్తుంది.

కామిశెట్టి గారి తర్వాత 1990లో వెలగ రాజేశ్వరరావు గారు గెలిచారు. ఆ సభ ఏడాదికే రద్దు కావడంతో 1991లో మళ్లీ ఎన్నికలు జరిగి రక్ష హరికృష్ణ గారు వచ్చారు. 1996లో స్వతంత్ర అభ్యర్థిగా గెలిచిన మల్లాడి కృష్ణారావు గారితో ఇంకో దీర్ఘ అధ్యాయం మొదలైంది. ఆయన ఎన్నికైన కొన్ని నెలలకే, ఆ నవంబరు 6న కాకినాడకు దక్షిణాన తీరం దాటిన తుపాను కోనసీమతో పాటు మన ఊరినీ చావుదెబ్బ కొట్టింది. 2001లోనూ ఆయన స్వతంత్రంగానే గెలిచారు, తర్వాత కాంగ్రెసు తరఫున గెలిచారు, 2016 వరకు వరుసగా అయిదు ఎన్నికలలో ఓడిపోలేదు. మంత్రి పదవులు కూడా చేశారు. నారాయణసామి గారు పుదుచ్చేరి ముఖ్యమంత్రిగా ఉన్న ప్రభుత్వంలో ఆరోగ్యశాఖ ఆయనదే. యానాం ఓటరు పార్టీ గుర్తు కంటే మనిషిని చూసి ఓటు వేస్తాడని బయటివారు విచిత్రంగా చెప్పుకుంటారు. నాకు అందులో విచిత్రం ఏమీ కనిపించదు. పుదుచ్చేరి పార్టీల జగడాలు తమిళ ప్రాంతపు జగడాలు, మనకు కావలసింది అక్కడికి వెళ్లి మన పని చేయించగల మనిషి. ఆ ఆలోచనలో తెలివి ఉంది. అయితే ఇరవై అయిదేళ్లపాటు ఊరు మొత్తం ఒకే మనిషి మీద ఆధారపడడం మంచిది కాదని కూడా నేను నమ్ముతాను. ఎంత పనిమంతుడైనా ఒక్కరే అయినప్పుడు, ఆయనకు దగ్గరివారికి దొరికిన న్యాయం దూరంగా ఉన్నవారికి దొరకడం కష్టం.

ముప్పై మంది సభలో ఒక్కరి బరువు ఎంత ఉంటుందో 2021లో దేశమంతా చూసింది. ఆ ఫిబ్రవరిలో అధికారపక్షం ఎమ్మెల్యేలు ఒకరి తర్వాత ఒకరు రాజీనామా చేశారు, వారిలో కృష్ణారావు గారు కూడా ఉన్నారు. సభలో బలం కోల్పోయిన నారాయణసామి గారు ఫిబ్రవరి 22న ముఖ్యమంత్రి పదవి వదులుకున్నారు. ఏప్రిల్ 6న ఎన్నికలు జరిగినప్పుడు, అంతకుముందు ముఖ్యమంత్రిగా చేసిన ఎన్.రంగసామి గారు పుదుచ్చేరిలోని తన తట్టాంచావడి నియోజకవర్గంతో పాటు యానాంలో కూడా పోటీ చేశారు, కృష్ణారావు గారు ఆయనకు మద్దతిచ్చారు. ముఖ్యమంత్రి మన ఊరి ఎమ్మెల్యే అయితే ఊరి పనులన్నీ చకచకా జరుగుతాయని కొందరు, పుదుచ్చేరివాడికి మన ఊరి స్థానం ఎందుకని కొందరు, ఇళ్లల్లోనే రెండు వర్గాలయ్యారు. తొంభై శాతానికి పైగా ఓట్లు పడ్డాయి. మే 2న లెక్కిస్తే, గొల్లపల్లి శ్రీనివాస్ అశోక్ అనే స్వతంత్ర అభ్యర్థి, వయసులోనూ రాజకీయాలలోనూ చిన్నవాడు, 655 ఓట్ల తేడాతో గెలిచారు. రంగసామి గారు తట్టాంచావడిలో గెలిచి మే 7న ముఖ్యమంత్రి అయ్యారు, కానీ యానాం ఓటరు మాత్రం ఆయనను కాదన్నాడు.

భాష గురించి కూడా ఒక మాట చెప్పి ముగిస్తాను. పుదుచ్చేరి అధికార భాషల చట్టం 1965లో వచ్చినప్పుడు, అధికార భాష తమిళమని చెబుతూనే, యానాంలో తెలుగు, మాహెలో మలయాళం వాడుకోవచ్చని అందులో రాశారు. అందువల్ల మీరు ఇక్కడి పరిపాలనాధికారి కార్యాలయంలో తెలుగులో అర్జీ ఇవ్వవచ్చు, అది మీ హక్కు. ఇంకో సంగతి: లోక్‌సభకు మనం, పుదుచ్చేరి, కారైకాల్, మాహె వారు అందరం కలిసి ఎన్నుకునేది ఒక్క ఎంపీని. ఆ ఎన్నికలో మన 55 వేల జనాభా ఊరి ఓట్లు ఎంత కొంచెమో మీరే లెక్క వేసుకోండి. 2011 జనాభా లెక్కల్లో యానాంలో 55,626 మంది ఉన్నారు, మొత్తం ప్రాంతంలో పన్నెండు లక్షలకు పైగా ఉన్నారు. ఈసారి వచ్చినప్పుడు మున్సిపల్ ఎన్నికలు ఎందుకు ఆగిపోయాయో పెద్దవాళ్లను, ఎమ్మెల్యేను అడగండి. అడగవలసిన ప్రశ్న అదే.

ఇట్లు,
మీ తాతయ్య,
యానాం