ఉల్లిపాయలో ఐదుగురు మనుషులంత డీఎన్ఏ

ఇంటర్‌లో బోటనీ ప్రాక్టికల్స్ చేసినవాళ్లకు ఉల్లి వేరు గుర్తుండే ఉంటుంది. గ్లాసు నిండా నీళ్లు పోసి, ఉల్లిపాయ అడుగు తడిసీ తడవనట్టు పైన నిలబెడితే రెండు మూడు రోజుల్లో తెల్లటి వేర్లు దిగుతాయి. వాటి కొసలు కత్తిరించి, యాసిడ్‌లో నానబెట్టి, ఎసిటోకార్మిన్ రంగు పట్టించి, కాస్త వెచ్చబెట్టి, కవర్ స్లిప్ మీద బొటనవేలితో నొక్కాలి. నా మొదటి రెండు స్లైడులూ నొక్కుడు ఎక్కువై పగిలాయి. మూడోదాంట్లో కనిపించాయి క్రోమోజోములు, ముదురు ఎరుపులో, ఉడికిన సేమ్యా తునకల్లా మెలికలు తిరిగి.

అన్ని కాలేజీల్లోనూ ఉల్లిపాయే ఎందుకు? వరి మొలకలకు మన దగ్గర కరువా? ఈ సందేహం నాకు అప్పుడు రాలేదు. ఉల్లిపాయ ఎక్కడైనా దొరుకుతుంది, నిజమే. అసలు సంగతి మాత్రం దాని క్రోమోజోముల సైజు. వరి కణంలో 24 ఉన్నా, కాలేజీ మైక్రోస్కోపులో అవి చుక్కల్లా కనబడితే గొప్ప. ఉల్లిలో ఉన్నవి 16 మాత్రమే, కానీ ఒక్కొక్కటీ భారీది.

క్రోమోజోము అంటే చుట్టచుట్టుకున్న డీఎన్ఏ పోగు. డీఎన్ఏలో ఉండేది నాలుగే అక్షరాలు. తల్లి నుంచో తండ్రి నుంచో వచ్చే ఒక పూర్తి సెట్‌ను జీనోమ్ అంటాం. వరి జీనోమ్‌లో దాదాపు 40 కోట్ల అక్షరాలు ఉంటాయి. మనిషిది సుమారు 310 కోట్లు. ఉల్లిపాయది 1,600 కోట్లు! ఉల్లి సెట్‌లో ఉండేవి 16లో సగం, అంటే 8 క్రోమోజోములే. కాబట్టి సగటున ఒక్క ఉల్లి క్రోమోజోములోనే వరి జీనోమ్ మొత్తం ఐదుసార్లు పడుతుంది.

జీవి ఎంత సంక్లిష్టమైతే డీఎన్ఏ అంత ఎక్కువ ఉండాలని ఎవరికైనా అనిపిస్తుంది. శాస్త్రవేత్తలకూ అలాగే అనిపించింది. అయితే 1951లోనే మిర్‌స్కీ, రిస్ అనే ఇద్దరు ఒక విడ్డూరం చూశారు. ఆంఫియూమా అని అమెరికా బురదనీళ్లలో పాములా తిరిగే ఒక సాలమాండర్ ఉంది. దాని కణంలో కోడి కణంలో ఉన్నదానికి 70 రెట్ల డీఎన్ఏ ఉంది. ఈ చిక్కుముడికి 1971లో 'సీ వాల్యూ పారడాక్స్' అని పేరు పెట్టారు. సీ వాల్యూ అంటే ఒక సెట్‌లో ఉండే డీఎన్ఏ మొత్తం.

జవాబు కోసం దూరం వెళ్లక్కర్లేదు, పోపు గిన్నె దాకా చాలు. టమాటా, మిరప ఒకే కుటుంబం మొక్కలు. రెండింటికీ సెట్‌కు 12 క్రోమోజోములే. 2012లో టమాటా, 2014లో మిరప జీనోమ్‌లు చదివితే జన్యువుల లెక్క కూడా ఇంచుమించు సమానంగా తేలింది, చెరో 35 వేలు. కానీ టమాటా జీనోమ్ 90 కోట్ల అక్షరాలైతే మిరపది 350 కోట్లు. మనకన్నా పెద్దది. కారంగా ఉండటానికి అంత డీఎన్ఏ అవసరమా అంటే, అస్సలు కాదు. మిరప జీనోమ్‌లో ముప్పాతిక వంతుకు పైగా ఉన్నది మళ్లీ మళ్లీ వచ్చే ముక్కలే. ఆ అదనమంతా వాటి చలవే.

ఆ ముక్కల్లో ఎక్కువ భాగం రెట్రోట్రాన్స్‌పోజాన్లు. వీటి పని ఒక్కటే: తమకు తాము జిరాక్స్ తీసుకోవడం. ముక్క నుంచి ముందు ఆర్ఎన్ఏ నకలు తయారవుతుంది. దాన్ని ఒక ఎంజైము తిరిగి డీఎన్ఏగా మారుస్తుంది. ఆ కొత్త ముక్క జీనోమ్‌లో ఇంకోచోట దూరి కూర్చుంటుంది. పాతది ఎక్కడికీ పోదు. డీఎన్ఏ ముక్కలు ఇలా చోటు మారతాయని 1940లలోనే బార్బరా మెక్లింటాక్ మొక్కజొన్న గింజల మీది మచ్చలు చూసి పట్టేశారు. ఆమె చూసినవి నకలు తీసుకునే రకం కాదు, ఉన్నచోటి నుంచి లేచి వేరేచోటికి దూకే రకం. నోబెల్ బహుమతి 1983లో గానీ రాలేదు. అప్పటికి ఆమెకు 81 ఏళ్లు.

జీనోమ్ ఒక్కసారిగా రెట్టింపయ్యే దారి ఇంకొకటి ఉంది, రెండు జాతులు కలిసిపోవడం. మన వేరుశెనగ దక్షిణ అమెరికాలోని రెండు అడవి జాతుల జీనోమ్‌లను రెండింటినీ మోస్తోంది.

చేరేది సరే, పోయేదాని సంగతి? నా దృష్టిలో కథలో అసలు మలుపు ఇదే. అరటిపండ్ల మీద ముసిరే చిన్న ఈగలను, హవాయి దీవుల్లోని లౌపాలా అనే కీచురాళ్లను 2000లో పోల్చి చూశారు. కీచురాయి జీనోమ్ ఈగదానికి 11 రెట్లు. పనికిరాని డీఎన్ఏను వదిలించుకోవడంలో మాత్రం ఈగకన్నా 40 రెట్లకు పైగా నిదానం. కొన్ని ఇళ్లలో పాత పేపర్లు ప్రతి నెలా తూకానికి వెళ్తాయి, కొన్ని ఇళ్లలో అటక మీదే పేరుకుంటాయి కదా, అలాగన్నమాట.

మోసే బరువుకు మూల్యం ఉంటుంది. డీఎన్ఏ పెరిగితే సాధారణంగా కణమూ పెరుగుతుంది. మన ఎర్ర రక్తకణం వెడల్పు 7, 8 మైక్రాన్లు. ఆంఫియూమాది 70 దాకా ఉంటుంది. అంత పెద్ద కణంలోకి ఆక్సిజన్ చకచకా వెళ్లి రాలేదు. బురదలో మెల్లగా తిరిగే జీవికి దాంతో పెద్ద ఇబ్బంది లేదు. ఎగిరేవాటి అవసరం వేరు. పక్షుల జీనోమ్‌లు చిన్నవి, వాటిలోనూ క్షణం ఆగకుండా రెక్కలాడించే హమ్మింగ్‌బర్డ్‌లవి మరీ చిన్నవి. క్షీరదాల్లో గబ్బిలాలదీ ఇదే తీరు. అయితే ఎగరడం కోసం జీనోమ్ చిక్కిందా, చిక్కి ఉండటం వల్ల ఎగరడం తేలికైందా అన్నదాని మీద ఇంకా వాదన నడుస్తోంది.

ఈ అదనపు డీఎన్ఏ అంతటికీ ఏదో రహస్య ప్రయోజనం ఉండే ఉంటుందని గట్టిగా నమ్మేవాళ్లు ఉన్నారు. కొన్ని ముక్కలు జన్యువులకు స్విచ్చుల్లా పనికొస్తున్న మాట నిజమే. మిగతాదాని గురించి మాత్రం కెనడా శాస్త్రవేత్త రయన్ గ్రెగరీ 2007లో ఒక పరీక్ష పెట్టారు, పేరే 'ఉల్లిపాయ పరీక్ష'. మీరు ఏ ప్రయోజనమైనా చెప్పండి, అది మనిషికన్నా ఉల్లిపాయకు ఐదు రెట్లు ఎక్కువ ఎందుకు కావాలో కూడా చెప్పండి అన్నారు. అంతటితో వదల్లేదు. ఉల్లికి దగ్గరి చుట్టాలైన మొక్కల్లోనే ఒకదాని జీనోమ్ బరువు 7 పికోగ్రాములు (పికోగ్రాము అంటే గ్రాములో లక్ష కోట్లో వంతు), ఇంకోదానిది 31.5. చూడటానికి అన్నీ ఉల్లికాడల్లాగే ఉంటాయి.