పందిరి వెలుగు పోకుండా ఫ్లాష్ కొట్టాలంటే

రాత్రి ముహూర్తం పెళ్ళికి ఫిల్మ్ కెమెరాలో ఏ రీలు వెయ్యాలని అడిగితే, ‘ఫ్లాష్ ఉందిగా, 100 చాలు’ అనేవాళ్ళే ఎక్కువ. ఈ అంకె రీలు స్పీడు, అది పెరిగేకొద్దీ తక్కువ వెలుగు చాలు. నేను మాత్రం 400 గానీ 800 గానీ వెయ్యమంటాను. అలా అనేది వధూవరుల ముఖాల కోసం కాదు, వాళ్ళ వెనకున్న పందిరి కోసం.

దూరం రెట్టింపైతే ఫ్లాష్ వెలుగు నాలుగోవంతుకు పడిపోతుంది. పీటల మీది జంట మూడు మీటర్లలో ఉంటే, ఆరు మీటర్లలో కూర్చున్న బంధువులకు అందేది నాలుగోవంతే, పన్నెండు మీటర్ల దగ్గర పదహారోవంతు. పాత ఆల్బముల్లో జంట వెనకంతా కాటుక పూసినట్టుండేది ఇందుకే. ఫ్లాష్ శక్తిని చెప్పే అంకె గైడ్ నంబరు, లెన్సు రంధ్రం కొలత ఎఫ్ నంబరు (ఇది తగ్గితే రంధ్రం పెద్దది). మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వెలుగు అందే దూరం వస్తుంది. 100 రీలుకు గైడ్ నంబరు 36 ఉన్న ఫ్లాష్ ఎఫ్ 8లో నాలుగున్నర మీటర్లు అందుకుంటుంది. 400 రీలు వేస్తే తొమ్మిది. స్పీడు నాలుగింతలైనా దూరం రెండింతలే.

అసలు లాభం షట్టర్ దగ్గరుంది. ఇంత దగ్గరలో ఆటో ఫ్లాష్ (చాలినంత వెలుగు పడగానే తనే ఆరిపోయేది) వెలిగేది సెకనులో వెయ్యోవంతు కన్నా తక్కువసేపు. అందుకే షట్టర్ సెకనులో 1/60 వంతు తెరిచి ఉన్నా 1/15 వంతు ఉన్నా ముఖం మీద ఫ్లాష్ వెలుగు అంతే. పెరిగేది బల్బుల వెలుగు. 400 రీలుతో ఎఫ్ 4, 1/15 పెడితే పందిరి నిండుగా వచ్చిందనుకోండి, 100 రీలుకు అదే వెలుగు కావాలంటే పావు సెకను తెరిచి ఉంచాలి. అంతసేపు చేతిలో కెమెరా నిలవదు. 800 అయితే 1/30 చాలు. తలంబ్రాలు పోసుకునేటప్పుడు గాలిలో ఉన్న బియ్యపు గింజలు ఫ్లాష్‌కి ఎక్కడివక్కడ ఆగిపోతాయి, వెనక దీపాలూ బతికుంటాయి. రంగుల రీళ్ళు ఎక్కువగా పగటి వెలుగుకు, అంటే సుమారు 5500 కెల్విన్‌కు (వెలుగు రంగును చెప్పే కొలత) తగ్గట్టు చేసినవి. ఫ్లాష్ వెలుగూ దాదాపు అంతే కాబట్టి ముఖాల రంగు సహజంగా వస్తుంది. 3000 కెల్విన్ దగ్గరుండే బల్బులు బంగారు రంగు తిరుగుతాయి. నాకది ఎంతో ఇష్టం, ఫిల్టర్ పెట్టి చెడగొట్టను. ట్యూబులైట్లు మాత్రం ఆకుపచ్చగా పడతాయి.

మధుపర్కాలు కట్టుకున్నాక జాగ్రత్త. ఇద్దరూ తెల్లబట్టల్లో ఉంటారు. ఆటో ఫ్లాష్ కన్ను ఆ తెలుపు నుంచి తిరిగొచ్చిన వెలుగు చూసి, ఇక చాలనుకుని ముందే ఆరిపోతుంది, ముఖాలు నల్లబడతాయి. రంగుల నెగెటివ్ వెలుగు ఎక్కువైనా ఓర్చుకుంటుంది, తక్కువైతే నీడల్లో గింజ, అంటే ఫిల్మ్‌లోని గరుకు చుక్కలు, తేలిపోతుంది. కాబట్టి ఫ్లాష్ మీద ఎఫ్ 4 అలాగే ఉంచి, లెన్సు ఎఫ్ 2.8కి తెరవండి. వెనక వెలుగు కూడా పెరుగుతుంది గనక షట్టర్‌ను 1/15 నుంచి 1/30కి మార్చండి.