మాయం కాని అమ్మాయి కోసం తగలబెట్టిన కాన్వెంటు

టీనేజి పిల్లల కోసం రాసే చారిత్రక మిస్టరీల్లో తరచూ తగిలే కథ ఒకటుంది. పందొమ్మిదో శతాబ్దపు అమెరికా ఊరు. కొండమీద ఒక మఠం. లోపల ఎవరో అమ్మాయిని బంధించారట, నేలమాళిగలో దాచారట అని ఊరంతా గుసగుసలు. తెలివైన పిల్ల ఒకతి అసలు సంగతేమిటో కనిపెట్టడానికి బయల్దేరుతుంది. ఈ కల్పనకు వెనక నిజంగా ఒక రాత్రి ఉంది: 1834 ఆగస్టు 11, మసాచుసెట్స్ రాష్ట్రం, బోస్టన్ పక్కనున్న చార్లెస్‌టౌన్. అయితే అక్కడ నిజం కనిపెట్టడానికి ఎవరూ కష్టపడాల్సిన పని రాలేదు. ‘మాయమైపోయింది’ అని అందరూ చెప్పుకుంటున్న అమ్మాయే ఊరిపెద్దలకు ఎదురొచ్చి, నేలమాళిగ నుంచి పైకప్పు మీది బురుజు దాకా ఇల్లంతా దగ్గరుండి చూపించింది. ఆ తర్వాత కొన్ని గంటలకే ఆ ఇంటిని తగలబెట్టారు.

మన దగ్గర కాన్వెంటు అంటే ఇంగ్లీషు మీడియం బడి. సిస్టర్లెవరూ లేని సందు చివరి బడికి కూడా అదే పేరు. పిల్లని కాన్వెంటులో చేర్చామని గొప్పగా చెప్పుకునే మనకు, ఆ మాట వింటేనే జనం పళ్ళు నూరిన కాలం ఒకటుందంటే వింతగా ఉంటుంది. చార్లెస్‌టౌన్ కాన్వెంటు కూడా బడే. మౌంట్ బెనెడిక్ట్ అనే కొండమీద ఉర్సులైన్ అనే క్యాథలిక్ సంఘం సిస్టర్లు నడిపిన ఆడపిల్లల బోర్డింగ్ స్కూలు. ఆ సంఘాన్ని 1820లో బోస్టన్‌లో మొదలుపెట్టినవాళ్ళు ఐర్లండ్‌లోని లిమరిక్ నుంచి వచ్చి, కెనడాలో శిక్షణ పొందిన అక్కచెల్లెళ్ళు. 1826లో బిషప్ బెనెడిక్ట్ ఫెన్విక్ వాళ్ళని చార్లెస్‌టౌన్‌కి మార్చాడు.

1834 నాటికి అక్కడ 47 మంది విద్యార్థినులు. వాళ్ళలో క్యాథలిక్ పిల్లలు ఆరుగురే. మిగతా అందరూ ప్రొటెస్టెంట్ల ఇళ్ళ పిల్లలు, ఎక్కువగా బోస్టన్‌లోని డబ్బున్న యూనిటేరియన్ (ఉదారవాద ప్రొటెస్టెంట్ శాఖ) కుటుంబాలవాళ్ళు. కొండ కింద ఇటుక బట్టీలు. వాటిలో పనిచేసేది న్యూ హాంప్‌షైర్ పల్లెల నుంచి కూలికి వచ్చిన యువకులు. కాలవల తవ్వకాల్లో, రైలు పట్టాల పనుల్లో తక్కువ కూలికి ఒప్పుకుంటున్న ఐరిష్ వలస కూలీలంటే వాళ్ళకి గిట్టదు. పొద్దున లేచి తలెత్తితే కనిపించేది ఆ మేడ: ఐరిష్‌వాళ్ళ క్యాథలిక్ మతం, బోస్టన్ షావుకార్ల కూతుళ్ళు, పియానో చప్పుడు. మతద్వేషం ఒక్కటే ఉంటే ఆ కొండకి నిప్పంటుకునేది కాదని నా అభిప్రాయం. కూలి గురించిన భయం, కలవారి మీద కడుపుమంట కూడా అందులో కలిశాయి.

ద్వేషం మాత్రం కొత్తది కాదు. మసాచుసెట్స్‌ని కట్టుకున్న ప్యూరిటన్లు, అంటే చాదస్తపు ప్రొటెస్టెంట్లు, పోప్‌ని క్రీస్తు విరోధిగా చూసినవాళ్ళు. క్యాథలిక్కుల జెస్యూట్ గురువులు తమ నేలమీద అడుగుపెట్టకూడదని, వెళ్ళగొట్టాక తిరిగొస్తే మరణశిక్షేనని 1647లోనే చట్టం చేశారు. బోస్టన్‌లో ఏటా నవంబరు 5న పోప్ బొమ్మని బండిమీద ఊరేగించి తగలబెట్టేవాళ్ళు. బ్రిటన్ మీద యుద్ధంలో కెనడా క్యాథలిక్కుల సాయం అవసరమైన 1775లో జార్జ్ వాషింగ్టన్ తన సైన్యంలో ఆ సంబరాన్ని నిషేధించాల్సి వచ్చింది. ఆ రాష్ట్రంలో ప్యూరిటన్ల పాత కాంగ్రిగేషనల్ చర్చిని ప్రజల పన్నుల మీద పోషించడం ఆగిందే 1833లో. అంటే కాన్వెంటు తగలబడడానికి కొన్ని నెలల ముందే. పెద్దరికం చేజారిపోతోందన్న ఉక్రోషం ఆ చర్చి బోధకుల్లో అప్పటికి ఇంకా పచ్చిగానే ఉంది.

ఈ ఎండుగడ్డిలో పడ్డ మొదటి నిప్పురవ్వ రెబెక్కా రీడ్. పేదింటి ప్రొటెస్టెంట్ పిల్ల. 1831లో మతం మార్చుకుని సిస్టర్ అవుతానని కాన్వెంటులో చేరి, కొన్ని నెలలకే బయటికొచ్చేసింది. తనని బలవంతంగా కెనడా పంపించబోతుంటే తప్పించుకున్నానని ఊళ్ళో చెప్పడం మొదలుపెట్టింది. రెండేళ్ళపాటు ఆ కథ నోటినోటా పాకి చిలవలు పలవలు అల్లుకుంది. మఠాధిపతి మేరీ ఎడ్మండ్ సెయింట్ జార్జ్ అదంతా అబద్ధమని ఎంత చెప్పినా ఎవరికీ పట్టలేదు.

ఇక అసలు ‘మిస్టరీ’. సిస్టర్ మేరీ జాన్ అసలు పేరు ఎలిజబెత్ హారిసన్. సంగీతం టీచరు. రోజుకి పద్నాలుగు పాఠాలు చెప్పేది, ఒక్కొక్కటి కనీసం ముప్పావుగంట. లెక్కేసి చూడండి, పదిన్నర గంటలు అవుతుంది. జులై ఎండల్లో, బయట వడగాలి కొడుతుంటే, ఒక పిల్ల లేవగానే ఇంకో పిల్ల వచ్చి పియానో ముందు కూర్చుంటుంది. అవే స్వరాలు, అవే తప్పులు. జులై 28 సాయంత్రం ఆమె మనసు అదుపు తప్పింది. కాన్వెంటు గేటు దాటి, దగ్గర్లో ఉన్న ఇటుక బట్టీ యజమాని ఎడ్వర్డ్ కట్టర్ ఇంటి తలుపు తట్టింది. బిషప్పు, ఆమె అన్నదమ్ముల్లో ఒకరు వచ్చి మాట్లాడారు. మర్నాడు తనంతట తానే తిరిగొచ్చి మంచాన పడింది.

జరిగింది ఇంతే. పని ఎక్కువై ఒక టీచరు జబ్బుపడింది. ఈ మొత్తం చరిత్రలో నన్ను ఎక్కువగా కలిచివేసేది ఆ పద్నాలుగు పాఠాల లెక్కే. ఒక మనిషి అలసటని కుట్రగా మార్చేశారు.

ఆగస్టు 8న ఒక బోస్టన్ పత్రిక ‘అంతుచిక్కని వ్యవహారం’ అన్న ధోరణిలో చిన్న వార్త వేసింది. కాన్వెంటు నుంచి పారిపోయిన యువతి తిరిగి తీసుకెళ్ళాక కనిపించడంలేదన్నది దాని సారాంశం. మిగతా పత్రికలు అదే ఎత్తి రాశాయి. ఊళ్ళో గోడల మీద కాగితాలు వెలిశాయి: ఊరిపెద్దలు వెంటనే విచారించాలి, లేకపోతే బోస్టన్ బండివాళ్ళు గురువారం రాత్రి, ఆగస్టు 14న, ఆ మఠాన్ని నేలమట్టం చేస్తారు. తేదీ వేసి మరీ పెట్టిన బెదిరింపు అది. 10వ తేదీ ఆదివారం పేరుమోసిన బోధకుడు లైమన్ బీచర్ బోస్టన్ చర్చిల్లో పోప్ మతం మీద నిప్పులు కక్కుతూ ప్రసంగించాడు. మర్నాడు దివిటీలు పట్టినవాళ్ళలో ఆ ప్రసంగం విన్నవాళ్ళు ఎంతమందో తేల్చడం కష్టం. కానీ గౌరవం ఉన్న నోటి నుంచి అలాంటి మాట వచ్చాక, కిందివాళ్ళకి అది అనుమతిలాగే వినబడుతుంది.

సోమవారం, 11వ తేదీ మధ్యాహ్నం చార్లెస్‌టౌన్ ఊరిపెద్దలు తనిఖీకి వచ్చారు. దారి చూపించింది మేరీ జానే. గంటల తరబడి గదులూ అరలూ అన్నీ తిరిగి చూశారు. ఏ తప్పూ లేదని, ఆ యువతి క్షేమంగా ఉందని ప్రకటన రాసి పత్రికలకి పంపారు. అది మర్నాటి సంచికల్లో అచ్చయింది. అప్పటికి చూడడానికి కాన్వెంటే మిగల్లేదు.

రాత్రి ఎనిమిది దాటాక గేటు దగ్గర జనం చేరడం మొదలైంది. ఆ అమ్మాయిని చూపించమని కేకలు. మఠాధిపతి కిటికీలోంచి వాళ్ళకి గట్టిగా సమాధానం చెప్పింది. బిషప్పు చేతికింద ఇరవై వేలమంది ఐరిష్‌వాళ్ళున్నారు జాగ్రత్త అని ఆమె హెచ్చరించినట్టు తర్వాత సాక్ష్యాల్లో వచ్చింది. ఆ మాట వల్లే గొడవ ముదిరిందని చాలామంది ఆమెనే తప్పుపట్టారు. నేను ఒప్పుకోను. లోపల నలభైకి పైగా ఆడపిల్లలు, గుప్పెడుమంది సిస్టర్లు. వాళ్ళలో ఒకామె క్షయతో మంచం పట్టి ఉంది. బయట దుండగుల గుంపు. కాపలాకి ఒక్క పోలీసు లేడు. బెదిరింపు తప్ప ఆమె చేతిలో ఇంకేం ఉంది?

పదకొండు గంటలకి తారు పీపాలతో భోగిమంట వేశారు. అది పిలుపు. మంటలార్పే దళాలు వచ్చి, చూస్తూ నిలబడ్డాయి. రెండువేలమంది దాకా వేడుక చూడ్డానికి చేరారని అంచనా. అర్ధరాత్రి దాటాక తలుపులు బద్దలుకొట్టారు. అప్పటికే సిస్టర్లు పిల్లల్ని లేపి, నిద్రబట్టల్లోనే వెనక తోటలోకి నడిపించారు. కంచెలో సందు చేసి ఒక్కొక్కరినే అవతలికి దాటించారు. పెద్ద తరగతి పిల్లలు చిన్నవాళ్ళ చేతులు పట్టుకున్నారు. వెనక కిటికీల్లోంచి పియానోలు కిందపడి పగిలిన చప్పుడు వాళ్ళకి వినబడుతూనే ఉంది. అప్పటి విద్యార్థినుల్లో ఒకరైన లూయిసా గొడార్డ్ విట్నీ నలభై ఏళ్ళ తర్వాత, 1877లో, ఆ రాత్రి గురించి పుస్తకం అచ్చువేసింది.

లోపల బిషప్పు పుస్తకాల్ని ఒక కుర్రాడు వేలంపాట పాడుతూ మంటల్లోకి విసిరాడు. బైబిలు కూడా మంటల్లో పడింది. బైబిలుని కాపాడుకోవాలన్నదే ఆ గుంపు చెప్పుకున్న కారణం. సమాధి గదినీ వదల్లేదు, శవపేటికలు తెరిచారు. మర్నాటి రాత్రి మళ్ళీ వచ్చి, మిగిలిన పండ్ల చెట్లనీ కంచెనీ ధ్వంసం చేశారు. క్షయతో ఉన్న ఆ యువ సిస్టరు కొన్ని వారాలకే చనిపోయింది.

ప్రతీకారానికి ఐరిష్ కూలీలు కదులుతారేమోనని బోస్టన్ వణికింది. బిషప్ ఫెన్విక్ గురువుల్ని పంపి, స్వయంగా చర్చిలో మాట్లాడి వాళ్ళని ఆపాడు. 12వ తేదీనే ఫాన్యుయిల్ హాల్లో నగర ప్రముఖులు సభ పెట్టి ఖండించారు. ఖండన వరకు అంతా సవ్యంగానే జరిగింది.

కోర్టులో సవ్యంగా జరగలేదు. పదమూడుమందిని పట్టుకున్నారు. 1834 డిసెంబరులో మొదటి విచారణ జాన్ బజెల్‌ది. ఇటుక బట్టీ కూలీ, భారీ మనిషి, గుంపుకి నాయకుడిగా చాలామంది గుర్తించినవాడు. జ్యూరీ వదిలేసింది. అభిమానులు పంపిన బహుమతులకి అతను పత్రికలో కృతజ్ఞతలు వేసుకున్నాడు. దాదాపు అందరూ అలాగే బయటపడ్డారు. శిక్ష పడింది మార్విన్ మార్సీ ఒక్కడికే. ఇరవై ఏళ్ళు కూడా నిండని కుర్రాడు, పుస్తకాల వేలం పాడినవాడు. యావజ్జీవ కఠిన శిక్ష. పెద్ద తలకాయలు నవ్వుకుంటూ ఇళ్ళకి పోతే, ఒక్క పిల్లాడి మీద ఊరి పాపమంతా వేశారు. అతన్ని క్షమించమని గవర్నరుకి పెట్టిన అర్జీ మీద బిషప్ ఫెన్విక్ కూడా సంతకం చేశాడు. కొద్ది నెలలకే విడుదల చేశారు.

మరోపక్క అబద్ధం గిరాకీ సరుకైంది. రెబెక్కా రీడ్ కథ 1835లో పుస్తకంగా వచ్చి వేలల్లో అమ్ముడుపోయింది. ఆ మరుసటి ఏడు మరియా మాంక్ పేరుతో మాంట్రియల్ కాన్వెంటు గురించి ఇంకా ఘోరమైన పుస్తకం వచ్చింది. విలియం స్టోన్ అనే ప్రొటెస్టెంట్ పత్రికా సంపాదకుడు ఆ పుస్తకం చేతపట్టుకుని కాన్వెంటంతా వెతికి, అందులో రాసింది ఏదీ లేదని తేల్చాడు. అయినా అమెరికా అంతర్యుద్ధం నాటికి అది మూడు లక్షల ప్రతులు అమ్ముడైందంటారు. టెలిగ్రాఫ్‌తో పేరు పొందిన శామ్యూల్ మోర్స్ కూడా 1834లోనే, క్యాథలిక్ వలసల వెనక విదేశీ కుట్ర ఉందంటూ న్యూయార్క్ పత్రికలో వరసగా లేఖలు రాశాడు.

1840లలో గొడవ బడి తరగతుల్లోకి వచ్చింది. ప్రభుత్వ బడుల్లో చదివించేది ప్రొటెస్టెంట్ల కింగ్ జేమ్స్ బైబిలు. క్యాథలిక్ పిల్లల్ని వాళ్ళ డూయే అనువాదం చదువుకోనివ్వండని ఫిలడెల్ఫియా బిషప్ ఫ్రాన్సిస్ కెన్రిక్ 1842లో అడిగాడు. బళ్ళోంచి బైబిలునే తీసేయమంటున్నారని పుకారు పుట్టింది. 1844 మే, జులై అల్లర్లలో కనీసం ఇరవైమంది చనిపోయారు. సెయింట్ మైకేల్, సెయింట్ అగస్టీన్ చర్చిలు కాలిపోయాయి.

తర్వాత ఐర్లండ్‌లో బంగాళాదుంప పంటకి తెగులు సోకి కరువొచ్చింది. 1845 నుంచి పదేళ్ళలో పది లక్షలకి మించిన ఐరిష్‌వాళ్ళు అమెరికా చేరారు. వాళ్ళకి ఎదురుగా పుట్టిన రహస్య సంఘం పార్టీగా మారింది. సంఘం గురించి అడిగితే సభ్యులు ‘నాకేమీ తెలియదు’ అనాలి కనుక దానికి ‘నో నథింగ్’ పార్టీ అని పేరొచ్చింది. 1854లో మసాచుసెట్స్ గవర్నరు పదవి, సెనేట్ మొత్తం, దిగువ సభ దాదాపు మొత్తం వాళ్ళవే. తెల్ల, నల్ల పిల్లల్ని వేరు చేసే బడుల్ని 1855లో రద్దుచేసిందీ ఆ శాసనసభే. కాన్వెంట్లని సోదా చేయడానికి కమిటీ వేసిందీ అదే. ఆ కమిటీ బోస్టన్ పక్కనున్న రాక్స్‌బరీలో సిస్టర్లు నడిపే బడిలో దూరి అరలూ పడకగదులూ గాలించింది. దొరికింది శూన్యం. కొన్నాళ్ళకే కమిటీలోని జోసెఫ్ హిస్ ప్రభుత్వ ఖర్చుతో చేసిన నిర్వాకాలు బయటపడి, సభ అతన్ని బహిష్కరించింది.

1859 మార్చిలో బోస్టన్ ఎలియట్ స్కూల్లో టామస్ వాల్ అనే పిల్లాడికి పదేళ్ళుంటాయి. బైబిల్లోని పది ఆజ్ఞల్ని ప్రొటెస్టెంట్ పాఠంలో చెప్పనన్నాడు. క్యాథలిక్కులు ఆజ్ఞల్ని లెక్కపెట్టే వరస వేరు, మాటలు వేరు. టీచరు అరగంటపాటు బెత్తంతో అరచేతుల మీద కొట్టాడు. మిగతా క్యాథలిక్ పిల్లలు వందల సంఖ్యలో అతని పక్షాన నిలబడితే బళ్ళోంచి పంపేశారు. కేసు వేస్తే కోర్టు టీచరుదే న్యాయం అంది. క్యాథలిక్కులు తమ సొంత బడులు కట్టుకోవాలన్న పట్టుదల బోస్టన్‌లో ఇలాంటి దెబ్బల నుంచే బలపడింది.

ఉర్సులైన్ సిస్టర్లు కొన్నాళ్ళు రాక్స్‌బరీలో తలదాచుకుని, 1835లో క్యుబెక్ వెళ్ళిపోయారు. కాలిపోయిన ఆస్తికి పరిహారం ఇవ్వాలన్న ప్రతిపాదన 1835 నుంచి 1850ల దాకా మసాచుసెట్స్ శాసనసభ ముందుకి ఎన్నోసార్లు వచ్చింది. ప్రతిసారీ ఓడిపోయింది. కొండమీద మొండిగోడలు దశాబ్దాల పాటు అలాగే నిలబడ్డాయి. తర్వాత కొండనే తవ్వేసి చదును చేశారు. ఆ చోటు ఇప్పుడు సోమర్‌విల్ పట్నంలో భాగం. గోడల ఇటుకలు కొన్ని తీసుకెళ్ళి, 1875లో ప్రతిష్ఠించిన బోస్టన్ హోలీ క్రాస్ కెథెడ్రల్‌లో, లోపలికి వెళ్ళే దారి పైన కమానులో పేర్చారు.